బడి గోడ మీద ఊరి కథలు: ఏం వేయిద్దాం, ఎవరితో వేయిద్దాం?

గట్టుమీది ఊరు

అందరికీ నమస్తే. మాది జనగామ జిల్లా. మా ఊరి హైస్కూల్‌కు ఈ మధ్యనే కొత్త ప్రహరీ కట్టిన్రు. ఆ బడిల చదువుకున్నోళ్ళం తలా కొంత వేసుకొని గోడ మీద మన దిక్కు బొమ్మలు వేయిద్దామనుకున్నం. ఒక పెయింటర్ వచ్చి కొలతలు తీసుకున్నడు. చార్మినార్, కాకతీయ తోరణం, ఒక జింక, ఒక నెమలి, నడుమ 'చెట్లను పెంచుదాం' అని రాసిస్తనన్నడు. రేటు తక్కువే. కానీ ఆ గోడ చూసి ఇది ఫలానా ఊరు అని ఎవరు గుర్తుపడతరు?

మా చుట్టూ ఏం తక్కువ? పెంబర్తి ఇత్తడి పని ఉంది. పోతన బమ్మెర, సోమనాథుని పాలకుర్తి పక్కపక్కనే. అదే పాలకుర్తిల చాకలి ఐలమ్మ తన పంట కోసం విసునూరు దేశ్‌ముఖ్‌కు ఎదురు నిలిచింది. కడవెండిల 1946 జులై 4న దొడ్డి కొమురయ్య తూటాకు ఒరిగిండు. ఖిలాషాపూర్‌ల సర్వాయి పాపన్న కోట ఇంకా నిలబడే ఉంది. సిద్దిపేట తొవ్వల చేర్యాల, ఆ పక్కన కొమురవెల్లి. ఇన్ని పెట్టుకొని జింక బొమ్మ ఎందుకు?

అడిగేది ఇది. చేర్యాల నకాషీ పద్ధతిల, అంటే గుడ్డ మీద కథంత బొమ్మలుగ వేసే మన పాత పద్ధతిల, వేయిస్తే గోడ మీద నిలుస్తదా? ఏ కథలు తీసుకోవాలె? పిల్లలతోని వేయించాలా, చెయ్యి తిరిగినోళ్ళతోనా?

సుద్దమట్టి

నకాషీ పని దగ్గరుండి నేర్చుకున్నదాన్ని కాబట్టి ముందు గోడ సంగతి చెబుతాను.

చేర్యాల పటం గుడ్డ మీది పని. ఖాదీ గుడ్డకు గంజి, సుద్దమట్టి, ఉడకబెట్టి నూరిన చింతగింజల జిగురు, బంకనీళ్ళు కలిపి పూస్తారు. ఒక పూత బాగా ఆరాకే ఇంకోటి. అట్లా మూడు పూతలు పడ్డాక గుడ్డ తోలులాగా నున్నగా అవుతుంది. రంగు లోపలికి ఇంకదు, చుట్టి పెట్టినా పగలదు. పాత రంగులు కూడా అట్లాంటివే. శంఖం పొడి తెలుపు, దీపం మసి నలుపు, పేవుడి రాయి పసుపు, నీలిమందు నీలం. బొమ్మల వెనక అంతా ఎరుపు నింపేస్తారు. ఆ ఎరుపు చూడగానే ఎంత దూరం నుంచైనా చేర్యాల అని తెలిసిపోతుంది.

ఈ రంగులన్నీ బంకతో కలిపేవి. వాన పడే ప్రహరీ మీద వేస్తే మొదటి వానాకాలానికే కారిపోతాయి. బయట గోడకు ఎక్స్‌టీరియర్ ఎమల్షన్ తప్పదు. చేర్యాలలోనూ ఇప్పుడు చాలామంది కొన్న రంగులే వాడుతున్నారు, అందులో తప్పు పట్టాల్సింది ఏమీ లేదు. పాత పద్ధతి పటం ఒకటి గుడ్డ మీదే వేయించి లైబ్రరీ గదిలో పెట్టుకోండి.

గోడ కొత్తది అన్నారు. ప్లాస్టరింగ్ తడి పూర్తిగా పోనివ్వండి. తొందరపడి పుట్టీ పెడితే లోపలి ఉప్పు పైకి తన్ని, రంగు పెచ్చులు పెచ్చులుగా లేస్తుంది. అడుగున రెండు అడుగులు ఖాళీగా వదలండి, నేల చెమ్మ ఎక్కేది అక్కడికే.

ఇంకో మాట. పటంలో బొమ్మ జానెడు ఉంటుంది. చివర్న ఉడుత వెంట్రుకల కుంచెతో నల్ల గీత లాగినప్పుడే కన్ను, ముక్కు, నగల చుక్కలు తేలతాయి. అదే బొమ్మను నిలువెత్తు పెంచితే ముఖం బోసిగా కనబడుతుంది. కాబట్టి బొమ్మను పెంచకండి, అంతస్తులు పెంచండి. మూరెడు ఎత్తు పట్టీలు ఒకదాని కింద ఒకటి వేసుకుంటూ పోతే పటం నడక నిలుస్తుంది, బడిపిల్లలకు చూపు ఎత్తులో కూడా ఉంటుంది.

గట్టుమీది ఊరు

అక్కా, ఇంత వివరంగా ఎవరూ చెప్పలే. పట్టీల సంగతి మా పెయింటర్‌కు తట్టనే లేదు.

కథల సంచి

గీసేవాళ్ళ సంగతి వచ్చింది. మరి చెప్పేవాళ్ళు?

చేర్యాల పటం గోడకు తగిలించుకునే బొమ్మగా పుట్టలేదు. నకాషీలు గీసి ఇస్తారు, దాన్ని ఊరూరా తీసుకుపోయి విప్పి పాడేవాళ్ళు వేరు. పద్మశాలీలకు మార్కండేయ పురాణం చెప్పేది కూనపులివాళ్ళు. ముదిరాజులకు పాండవుల కథ చెప్పేది కాకిపడగలవాళ్ళు. గౌడ పురాణానికి గౌడజెట్టీలు, చాకలివాళ్ళ మడేలు పురాణానికి పటంవాళ్ళు, మాదిగలకు జాంబ పురాణం చెప్పడానికి డక్కలివాళ్ళు. గొల్లలకు కాటమరాజు కథ చెప్పే మందహెచ్చులవాళ్ళు పటం కాకుండా బొమ్మలు నిలబెట్టి చెబుతారు, ఆ బొమ్మలూ చేర్యాల నకాషీలు చేసినవే. ఎవరికి ఏ ఊళ్ళు, ఏ ఇళ్ళు అనే హక్కు తరతరాలుగా ఉంది. పటం దాదాపు గజం వెడల్పు, నలభై యాభై అడుగుల పొడవు. ఒక్కో అంతస్తు విప్పుతూ రాత్రుళ్ళకు రాత్రుళ్ళు నడిచే కథ. పాతబడిపోయిన పటాన్ని అమ్మరు, పారేయరు, పూజ చేసి ఏట్లో కలుపుతారు.

పశ్చిమ బెంగాల్లో పింగ్లా దగ్గర నయా అనే ఊరుంది. అక్కడి పటువాలు తామే గీస్తారు, తామే పాడతారు. అందుకని బయటివాళ్ళు పటం కొనడానికి వచ్చినా పాట కూడా వాళ్ళ చెవిన పడుతుంది. మన దగ్గర గీసే చెయ్యి ఒక ఇంట్లో, పాడే గొంతు ఇంకో ఇంట్లో. పటాలు అడిగేవాళ్ళు తగ్గినప్పుడు నకాషీలు మాస్కులు, ఫ్రేములు, చిన్న బొమ్మలు చేసి నిలదొక్కుకున్నారు. భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగ్) కూడా వచ్చింది, అది న్యాయమే. పాడేవాళ్ళకు అమ్ముకోవడానికి ఏముంది? గొంతును ఫ్రేము కట్టలేం కదా.

మీ గోడ మీద పెట్టే ప్రతి రూపాయీ రంగుకే పోతే మీరు సగం పనే చేసినట్టు. ముందు చెప్పేవాళ్ళను వెతకండి, వాళ్ళ నోట కథ వినండి. ఏ ఘట్టం పెద్దది, ఏది చిన్నది, ఏది ఎడమ, ఏది కుడి అనేది వాళ్ళే చెప్పాలి. గోడ పూర్తయిన రోజు రిబ్బన్ కట్ చేయడం కాదు, గోడ ముందు వాళ్ళతో కథ చెప్పించండి.

జనగామ జంక్షన్ (డల్లాస్)

అన్నా, నేను కూడా అదే బడిలో చదివాను. ఇక్కడ మన జిల్లావాళ్ళం కొంతమందిమి ఉన్నాం, డబ్బు మేం చూసుకుంటాం. ఒక సలహా. ప్రతి బొమ్మ పక్కన క్యూఆర్ కోడ్ పెడితే ఫోన్‌లో ఆ కథ పాట వినొచ్చు. మా పిల్లలకు ఐలమ్మ ఎవరో చెప్పాలంటే నా దగ్గర చూపించడానికి ఒక్క మంచి బొమ్మ లేదు. ఈ గోడ ఫొటోలు చూపించి చెప్పాలని నా కోరిక.

ఇస్కూల్ టీచర్

నేను జడ్పీ స్కూల్లో తెలుగు చెబుతాను. ఉత్సాహం బాగుంది. కానీ ఒక చిక్కు ముందే మాట్లాడుకోవాలి. పైన కథల సంచిగారు చెప్పినవన్నీ కుల పురాణాలు. బడి గోడ మీద ఒక కులం పురాణం వేస్తే మిగతావాళ్ళు 'మాదెక్కడ' అంటారు. తరగతి గదిలో పక్కపక్కన కూర్చున్న పిల్లలు నీ బొమ్మ చిన్నది, నా బొమ్మ పెద్దది అనుకునే పరిస్థితి రాకూడదు. నన్నడిగితే పాపన్న, ఐలమ్మ, కొమురయ్య, పోతన చాలు. అందరివాళ్ళు.

దండోరా

టీచర్ గారూ, మీ మీద గౌరవంతోనే ఒక మాట. 'అందరివాళ్ళు' అని మనం ఎంచుకునే జాబితాలో ఎప్పుడూ కొందరు మిగిలిపోతారు. భూమి పుట్టడానికి ఆరు నెలల ముందు పుట్టినవాడు జాంబవంతుడు అని డక్కలివాళ్ళు చెబుతుంటే మా తాతలు మా వాడలో కూర్చుని విన్నారు. ఊరి నడుమ, బడి గోడ మీద ఆ కథకు ఏనాడూ చోటు దొరకలేదు. ఇప్పుడు చోటు దొరికే సందర్భం వచ్చేసరికి 'కుల పురాణాలు వద్దు' అంటే ఆ నష్టం మళ్ళీ మా మీదే పడుతుంది. వేస్తే అన్నీ వేయండి, ఒకే కొలతలో వేయండి. డక్కలి కుటుంబాలు మా వాడలోనే ఆగిపోకుండా బడి ముందుకు వచ్చి కథ చెప్పాలి, ఊరంతా వినాలి.

ఇస్కూల్ టీచర్

మీరు చెప్పినదాంట్లో న్యాయం ఉంది. ఒకే కొలత, ఒకే ఎత్తు అన్నది రాతలో పెట్టుకుంటే నాకు అభ్యంతరం లేదు. పిల్లలకు ఇంకో పని అప్పగించొచ్చు. ఎవరింట్లో వాళ్ళు ముసలివాళ్ళ దగ్గర కూర్చుని ఈ కథలు ఎప్పుడు విన్నారో, ఎవరు చెప్పారో రాసుకొస్తారు. తన కులం కథ కాకుండా పక్కింటి కథ రాసుకురమ్మంటే ఇంకా మేలు.

పెన్న ఒడ్డు

మాది అనంతపురం వైపు. మా తోలుబొమ్మల సంగతి చెబుతా, పనికొస్తాది.

ధర్మవరం దగ్గర నిమ్మలకుంట ఉంది. ఆ ఊరి దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ వచ్చింది. మేకతోలును పలచగా గీకి, రంగులేసి, సన్న ఉలితో చిల్లులు కొడతారు. తెర వెనక దీపం పెట్టినప్పుడు ఆ చిల్లుల్లోంచే సీతమ్మ నగలన్నీ మెరుస్తాయి. ఇప్పుడు అదే తోలుతో దీపపు బుడ్డీలకు చుట్టూ గొడుగులు చేస్తా ఉండారు, గోడ బొమ్మలు చేస్తా ఉండారు. కడుపు నిండాలంటే చేయాల్సిందే, ఆ చేతుల పనితనం దాంతోనే బతికింది. అయితే ఆటలో రాముడు రావణుడు ఒక్కరే కాదు గదా. నడిమధ్యలో కేతిగాడు, బంగారక్క, జుట్టుపోలిగాడు వచ్చి ఊరి సంగతులన్నీ ఎత్తుకుంటారు, జనాన్ని తెల్లారేదాకా కూచోబెట్టేది వాళ్ళే. దీపం గొడుగు మీద కేతిగాడు ఉండొచ్చు, మాట్లాడలేడు గదా.

అందుకే కథల సంచి అన్న చెప్పినదానికి నా ఓటు. మా పిల్లోళ్ళకు తోలుబొమ్మ అంటే ఎగ్జిబిషన్‌లో అమ్మే వస్తువని తెలుసు, ఆట ఎట్లుంటాదో తెలీదు. మీ దాంట్లో అట్లా జరగనీయొద్దండి.

ఊరి రోడ్డు

ఇన్ని ఖర్చులు ఎందుకండీ? కళాకారులను గౌరవంగా పిలిచి శాలువా కప్పితే ఊరి మీద ప్రేమతో వాళ్ళే వేస్తారు. బిహార్‌లో 2017లో మధుబని రైల్వే స్టేషన్ మొత్తం అక్కడి చిత్రకారులు శ్రమదానంగానే వేశారు. ఏడు వేల చదరపు అడుగుల పైన ఉంటుంది. దేశమంతా మెచ్చుకుంది.

సుద్దమట్టి

మెచ్చుకున్నారు, నిజమే. మధుబని ఆడవాళ్ళ చేతిపని గొప్పదని ఎవరూ కాదనరు. కానీ ఆ ఉదాహరణ చూపించి ప్రతిచోటా ఊరికే వేయమని అడగడం మొదలైతే కళాకారులు ఏం తిని బతకాలి? గోడకు సిమెంటు ఊరికే రాలేదు, మేస్త్రీకి కూలి ఇచ్చారు, గేటు చేసిన వెల్డర్‌కు ఇచ్చారు. అన్నిటికంటే ఎక్కువ నైపుణ్యం ఉన్న మనిషికి మాత్రం శాలువా ఇస్తే సరిపోతుందా? నకాషీ పని మీదే బతికే కుటుంబాలు చేర్యాలలో, హైదరాబాద్‌లో కలిపి చూసినా చాలా కొద్ది. వాళ్ళను పిలిస్తే రోజు కూలి లెక్క కాకుండా పని లెక్కన మాట్లాడండి, సగం ముందే ఇవ్వండి. బొమ్మ కింద వేసినవాళ్ళ పేరు ఉండాలి. చందా ఇచ్చినవాళ్ళ పేర్లు అక్కర్లేదు.

జనగామ జంక్షన్ (డల్లాస్)

మా పేర్లు అసలే వద్దు. ఆ చోటు కథ చెప్పినవాళ్ళకు ఇవ్వండి.

ఒగ్గుడోలు

కొమురవెల్లి పేరు వచ్చింది కాబట్టి చెప్తున్న. మల్లన్న పట్నం బొమ్మ గోడ మీద వేద్దామని ఎవరన్నా అనొచ్చు, మస్తు అందంగ ఉంటది గదా అని. నన్నడిగితే వద్దంట. బండారి (పసుపు), కుంకుమ, బియ్యప్పిండి, ఆకుపచ్చ పొడి చేతిల పట్టుకొని ఒగ్గు పూజార్లు నేల మీద ముగ్గులెక్క పట్నం వేస్తరు. శివరాత్రికి కొమురవెల్లిల పెద్దపట్నం వేస్తే జనం విరగబడతరు. డోలు దరువు నడుస్తుంటది, కథ నడుస్తుంటది, చివరికి ఆ పట్నాన్ని తొక్కుతరు. తొక్కుడుతోనే దాని పని అయిపోయినట్టు. దాన్ని తీసుకపోయి ఎమల్షన్‌తోని గోడ మీద బిగిస్తే అది మల్లన్న పట్నం కాదు. ఒగ్గు కథ చెప్పే మనిషి, చేతిల ఒగ్గు అనే చిన్న డమరుకం, ఎనక డోలు కొట్టేటోళ్ళు, ఆ బొమ్మ వేయించుకోరి. పట్నం మాత్రం కొలిచేటోళ్ళ ఇంటి ముంగటనే ఉండనీయుర్రి.

సీతంపేట కొండదారి

ఈ మాట ఇక్కడ ఎవరో అన్నందుకు సంతోషం. మా వైపు సవర గిరిజనుల ఇళ్ళలో ఎర్రమట్టి అలికిన గోడ మీద బియ్యప్పిండితో బొమ్మలు వేస్తారు. పెద్దల కోసం, దేవతల కోసం, జబ్బు నయం కావాలని, పంట బాగుండాలని వేసేవి అవి. చూడ్డానికి గుర్రాలు, మనుషులు, చెట్లు, నిచ్చెనలు. ఇప్పుడు అవే బొమ్మలు గుడ్డ సంచుల మీద, కప్పుల మీద, ఆఫీసుల గోడల మీద కనిపిస్తున్నాయి. కొంతమంది సవర పిల్లలకు దాంతో పని దొరికింది, అది మంచిదే. వాళ్ళను అడగకుండా, వాళ్ళ చెయ్యి పడకుండా ఎవరెవరో దింపేస్తున్నప్పుడే బాధ. మీరు కూడా ఏ కథ వేసినా ఆ కథవాళ్ళను ముందు అడగండి. వద్దంటే వదిలేయండి.

కథల సంచి

వదిలేయాల్సినవి వదిలేస్తే ఏం మిగులుతుందని భయపడకండి, గోడ చాలదు. కాటమరాజు కథ ఒక్కటి చూడండి. కరువొచ్చి మందలను తోలుకుని నెల్లూరు సీమకు పోవడం, పుల్లరి (మేత పన్ను) దగ్గర నెల్లూరు రాజు నల్లసిద్ధితో తగవు, చివరికి పంచలింగాల యుద్ధం. గడ్డి కోసం, నీళ్ళ కోసం జరిగిన కథ. ఈనాటికీ మందలు తోలుకుని వలసపోయే గొల్లలు మన జిల్లాల్లో ఉన్నారు. అట్లాగే పద్మశాలీల మూలపురుషుడు భావనారుషి పులి మీద ఎక్కి వచ్చే ఘట్టం. మగ్గం ముందు కూర్చునే మనిషికి పులి వాహనం! పిల్లలు ఆ బొమ్మ దగ్గర ఆగకుండా పోలేరు.

పాపన్న కథనైతే జె.ఎ. బోయిల్ అనే ఆయన 1874లోనే విని అచ్చు వేయించాడు. గౌడ పిల్లవాడు మొగలు ఫౌజుదార్లకు ఎదురు తిరిగి, 1708లో ఏకంగా వరంగల్ మీద పడ్డాడు. శారదకాండ్రు తంబుర మీటుతూ చెప్పేవాళ్ళు ఈ కథను. పుస్తకంలోంచి కాక వాళ్ళ నోటినుంచి తీసుకుంటే పాపన్న తల్లి మాటలు దొరుకుతాయి, తాళ్ళ కింద కూర్చున్న స్నేహితులు దొరుకుతారు.

గట్టుమీది ఊరు

ఒక సందేహం. ఐలమ్మను, కొమురయ్యను నకాషీల వేస్తే బాగుంటదా? అది దేవుళ్ళ పద్ధతి గదా అని మా సర్పంచ్ అన్నడు.

సుద్దమట్టి

బాగుంటుంది. పటాల్లో దేవుళ్ళ పక్కనే చేలల్లో పని, పెళ్ళిళ్ళు, వంటలు, పశువులు కూడా ఉంటాయి. ఊరి బతుకు గీయడం నకాషీలకు కొత్త కాదు. రంగుల దగ్గర మాత్రం జాగ్రత్త. దేవుళ్ళకు నీలం, దేవతలకు పసుపు, రాక్షసులకు ముదురు రంగు వేయడం వాళ్ళ లెక్క. ఐలమ్మకు పసుపు ముఖం వేస్తే చూసేవాళ్ళకు అమ్మవారిలా కనిపిస్తుంది. దేశ్‌ముఖ్ మనుషులకు రాక్షసుల రంగు వేస్తే వాళ్ళు మనుషుల్లా కనిపించరు. మా గురువుగారు ఒకసారి ఇట్లాంటి బొమ్మలో అందరికీ ఒకటే మనిషి రంగు వేసి, తేడా అంతా నిలబడిన తీరులో చూపించారు. గుర్రం మీదివాడు పైనుంచి చూస్తుంటాడు, ఆమె కొంగు నడుముకు బిగించి, తల ఎత్తి, నేల మీద రెండు కాళ్ళూ బలంగా పెట్టి నిలబడి ఉంటుంది. వెనక వరి కుప్ప. అంతే, ఇంకేం రాయక్కర్లేదు.

ఇస్కూల్ టీచర్

ఈ బొమ్మ వేసేటప్పుడు మా తొమ్మిదో తరగతి పిల్లలను తీసుకొస్తాను, దూరమైనా సరే. గీత లాగడం పిల్లలు దగ్గరుండి చూడాలి.

సుద్దమట్టి

రండి మేడం. పిల్లలకు అంచుల్లో పూలతీగ పట్టీ ఇద్దాం. చేర్యాల పటంలో అంతస్తుకూ అంతస్తుకూ మధ్య ఉండేది అదే. అసలు బొమ్మల్లో చెయ్యి పెట్టనిస్తే నకాషీలు మళ్ళీ దిద్దుకోవాల్సి వస్తుంది. అంచు మాత్రం పిల్లలదే కావాలి, కొంచెం వంకర పోయినా అట్లాగే ఉండనిద్దాం.

గట్టుమీది ఊరు

నిన్న రాత్రి బడి దగ్గర కూర్చొని అందరం మాట్లాడుకున్నం. వాడవాడ నుంచి ఇద్దరిద్దర్ని పిలిచినం. అనుకున్నది రాస్తున్న.

గోడ ఆరేదాకా రంగు ముట్టం. ఈ లోపల కథలు విందాం. మార్కండేయ పురాణం, కాటమరాజు, గౌడ పురాణం, మడేలు, జాంబ పురాణం, పాండవుల కథ అన్నీ ఒకే కొలతల ఉంటయి, ఏది ముందు ఏది ఎనక అనేది చీటీలు తీసి పెడతం. బడి గేటుకు అటు ఐలమ్మ, కొమురయ్య, ఇటు పాపన్న, పోతన, సోమనాథుడు. పెంబర్తి పనోళ్ళ బొమ్మ గేటు పక్కన స్తంభం మీద. మల్లన్న పట్నం వేయం, ఒగ్గు కథ చెప్పే బొమ్మ వేస్తం. డబ్బుల్ల సగం గీసేటోళ్ళకు, సగం చెప్పేటోళ్ళకు. దీని మీద కొంచెం లొల్లి అయింది, పాడితే ఇంత ఇచ్చుడేంది అని ఒకరిద్దరు అన్నరు. మా వాడల ఒక ముసలమ్మ లేచి, 'బొమ్మ నోరు తెరుస్తదారా, చెప్పేటోడు లేకుంటే?' అన్నది. ఇగ ఎవరూ మాట్లాడలే.

ఇప్పుడు కావాల్సింది ఒకటే. మా దిక్కు కూనపులివాళ్ళు రాక ఎన్నో ఏండ్లయింది. ఎవరికన్నా తెలిస్తే చెప్పుర్రి.

మగ్గం గుంట

అన్నా, ఇన్ని రోజులుగా చదువుతున్నానే గానీ రాయలేదు. మా అమ్మమ్మగారి ఊళ్ళో పద్మశాలీల ఇండ్లు ఎక్కువ. కూనపులివాళ్ళు వస్తే మా వాడంతా వంతుల వారీగా భోజనం పెట్టేది. ఆ కుటుంబంలో ఒక పెద్దాయన ఇంకా ఉన్నారు, పటం కూడా వాళ్ళింట్లోనే ఉంది. ఊరికే చూస్తామంటే విప్పరు, కొబ్బరికాయ కొట్టి విప్పాలి, విప్పితే కథ చెప్పాలి. మనవడు కొంచెం వంత పాడతాడు గానీ పట్నంలో పనికి పోతున్నాడు. మీరు వచ్చే ముందు చెబితే ఆ రోజుకు అతన్ని కూడా పిలిపిస్తా. అతని కూలి పోకుండా చూడండి.

గట్టుమీది ఊరు

కూలి మేమిస్తం తమ్మీ, రానుపోను చార్జీలు కూడా మావే. వచ్చే ఆదివారం వస్తం. నకాషీ అక్కను కూడా వెంట తీసుకొస్తం, ఆయన కథ చెబుతుంటే ఆమె పక్కన కూర్చొని రాసుకుంటది. రికార్డు చేసుకోవచ్చా అని ఆయన్ని ముందు అడిగి చెప్పు, వద్దంటే ఫోన్లు బయటికే తియ్యం.